టీవీ చప్పుడు చాటున కుచ్చులు

కె.ఆర్.పురం స్టేషన్ వెనక వీధిలో మునీంద్ర మీద ఒక మాట నడుస్తోంది. పెళ్లాం బొటనవేలు వాచిపోయి గిన్నె కూడా ఎత్తలేకపోతుంటే ఆమెను కూర్చోబెట్టి చీరలకు కుచ్చులు కట్టిస్తాడని, తాను మాత్రం తలుపు వేసుకుని పొద్దస్తమానం టీవీ ముందు పడుకుని ఆమె సంపాదన తింటాడని. పాలబూత్ దగ్గర మొలిచిన మాట పూల బండి దగ్గరికి వచ్చేసరికి పెద్దదైంది. చెయ్యి వాచడానికి కూడా అతనే కారణమని, మెలిపెట్టాడని ఎవరో కలిపారు. ఉప్పూ కారమూ ఊరికే వస్తుంటే చల్లేవాళ్లకు కొదవ ఉండదు.

అందులో టీవీ నడిచేది నిజం. తలుపు వేసి ఉండేదీ నిజం. మునిలక్ష్మి బొటనవేలు వాచిందీ నిజమే. మిగిలినదంతా తలకిందులు. ఆ ఇంట్లో కుచ్చులు కట్టేది మునీంద్ర.

పట్టుచీర మగ్గం మీద నుంచి దిగినప్పుడు కొంగు చివర దారాలు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని పాయలు పాయలుగా తీసి, రంగు పట్టుదారం చుట్టి, ముడి వేసి, పూస గుచ్చి, కింద సమంగా కత్తిరిస్తే కుచ్చులు. బెంగళూరులో ఏ సందులోకి పోయినా ఒక ఇంటి కిటికీకి కుచ్చులు కట్టబడును అని అట్టముక్క వేలాడుతుంది. ఆ కిటికీ వెనక కూర్చునేది ఆడమనిషే అని చూడకుండానే అందరికీ తెలుసు. మునీంద్రకూ తెలుసు. అతని బాధంతా అదే.

అతను మొదటినుంచీ ఇంట్లో ఉన్న మనిషి కాదు. పాత మద్రాసు రోడ్డు పక్కన దుస్తుల కార్ఖానాలో సూపర్‌వైజర్. కుట్టి వచ్చిన చొక్కాల మీద మిగిలిన దారాలు కత్తిరించే బల్లలు అతని కింద ఉండేవి. ఆ బల్లల దగ్గర నిలబడేవాళ్లంతా ఆడవాళ్లే. "వేళ్లా అవి, రోకళ్లా" అని వాళ్లమీద అరిచేవాడు. ఒక్క దారం వేలాడినా చొక్కా వెనక్కి విసిరేవాడు. మెడలో కార్డు, జేబులో విజిలు, వీధిలో నడుస్తుంటే ఇద్దరు ముగ్గురు నమస్కారం పెట్టేవాళ్లు. ఆ కార్ఖానాను యజమానులు ఎక్కడో దూరానికి తరలించారు. వచ్చేవాళ్లు రావచ్చన్నారు, కానీ ఉన్న ఇల్లూ వీధీ విడిచి ఎవరు పోతారు. మునీంద్ర పోలేదు.

ఇంట్లో ఉండే ఏదో ఒక పని మొదలుపెడదామనుకున్నాడు. మునిలక్ష్మి తమ్ముడు హేమంత్‌కుమార్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటాడు. వారంలో సగం రోజులు నిక్కరు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు, అతన్ని ఎవరూ ఏమీ అనరు. వర్క్ ఫ్రం హోం అంటారు. మునీంద్రకు ఆ మాట నచ్చింది. ఇంట్లో ఉండి కూడా ఆఫీసులో ఉన్నట్టే గౌరవం. బామ్మర్దిని సలహా అడిగితే ఆ పిల్లవాడు తెలివిగానే చెప్పాడు. ముందు నీకు ఏం వచ్చో చూసుకో బావా, రోజూ విసుగు లేకుండా ఏం చేయగలవో చూసుకో, దానికి పేరు తర్వాత పెట్టుకోవచ్చు అన్నాడు. మునీంద్ర తల ఊపి వచ్చేశాడు. చేసింది మాత్రం తిరగేసి. ఏం చేస్తున్నావప్పా అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి బాగుండే పేరు ముందు కావాలి, పని దాని వెనకాల అదే వస్తుంది అనుకున్నాడు.

అలా పేరు వెతుక్కుంటూ పోయాడు. ఫోనులో వచ్చిన ప్రకటన చూసి పెన్నులు ప్యాకింగు చేసే పని పట్టుకున్నాడు. ఒక డబ్బా వచ్చింది, ఆ తర్వాత ఆ నంబరు మోగనే లేదు. ఊదుబత్తీలు చుట్టే పని తెచ్చుకున్నాడు. అది అతనికి బాగానే వచ్చింది, వేళ్లు చెప్పినట్టు విన్నాయి. చుట్టినవి అప్పగించడానికి వెళ్తే వరసలో ముందూ వెనకా ఆడవాళ్లే. వాళ్లలో ఒకామె కార్ఖానాలో అతని బల్ల దగ్గర పనిచేసింది. ఆమె నవ్వనైనా నవ్వలేదు, కొంచెం పక్కకు జరిగి చోటు ఇచ్చింది. ఆ సాయంత్రమే పీటా పిండీ తిరిగి ఇచ్చేసి వచ్చాడు. తర్వాత హేమంత్‌కుమార్ వాడేసి పక్కన పెట్టిన లాప్‌టాప్ తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్లకు కనిపించేలా కిటికీ తెరిచి పెట్టాడు. అందులో ఏం చేయాలో అతనికి తెలియదు. మీటలను తాళాలు కొట్టినట్టు కొట్టేవాడు. ఒకరోజు భాగీరథమ్మ మనవరాలు వర్షిణి కిటికీలోంచి, మామా, నా పరీక్ష అప్లికేషన్ కొంచెం వేసిస్తావా అని అడిగింది. నెట్టు రావడం లేదని చెప్పి కిటికీ మూశాడు. మళ్లీ తెరవలేదు. పిల్ల ఆ రోజు ఏమీ అనుకోలేదు. అతనికే అన్నం సహించలేదు.

భాగీరథమ్మ అంటే ఆ వీధిలో పెద్ద తల. ఆమె ఇంట్లో జరిగే ప్రతి శుభకార్యానికీ చీరలు మునిలక్ష్మి దగ్గరికే వచ్చేవి. మునిలక్ష్మి పెళ్లయినప్పటినుంచీ కుచ్చులు కడుతోంది. ఏళ్ల తరబడి దారం లాగి లాగి ఆమె బొటనవేలి మొదట్లో నరం వాచింది. సూది పట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమనేది. డాక్టరు చూసి, కొన్ని నెలలు సూది ముట్టవద్దు, లేకపోతే కోసి సరిచేయాల్సి వస్తుంది అన్నాడు. అప్పుడు చేతిలో భాగీరథమ్మ సొంత చీర ఉంది, నేరేడుపండు రంగుది. ఇస్తానన్న రోజు దగ్గరికి వచ్చింది.

మునిలక్ష్మి పడుకుని ఉంటే మునీంద్ర ఆ చీర తీసి చూశాడు. సాయం చేద్దామనే. కొంగు చివర దారాలు జానెడు పొడుగు వేలాడుతున్నాయి. కార్ఖానా కన్ను కదా, వేలాడే దారం కనబడితే చెయ్యి ఊరుకోదు. కత్తెర తీసి ఆ చివరనుంచి ఈ చివరకు నున్నగా కత్తిరించేశాడు. మడత పెట్టి, ఎంత శుభ్రంగా ఉందో చూడు అని ఆమెను లేపి చూపించాడు.

మునిలక్ష్మి లేచి కూర్చుంది. కొంగు చివర తడిమి చూసింది.

"అవే కదప్పా కట్టేది," అంది. "ఇంగ దేన్ని పట్టుకోని కట్టల్ల?"

అంత నెమ్మదిగా అనకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఆమె చెప్పులు వేసుకుని భాగీరథమ్మ ఇంటికి పోయి, చెయ్యి జారి కత్తెర పడిందత్తా, కొత్త దారం చేర్చి కట్టి ఇస్తాను, ఇంకొన్నాళ్లు ఆగు అని చెప్పి వచ్చింది. తప్పు తన మీద వేసుకుంది. భాగీరథమ్మ ఆమెను ఏమీ అనలేదు. వాచిన చెయ్యి చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, ఇట్లాంటి చెయ్యితో పని చేయిస్తాండాడా ఆ మొగోడు అంది. వీధిలో నడిచిన మాటకు విత్తనం అక్కడ పడింది.

ఆ తప్పు దిద్దడానికే మునీంద్ర మొదటిసారి సూది పట్టాడు. మునిలక్ష్మి పక్కన కూర్చుని నోటితో చెబుతుంటే, కొంగు అంచుకు కొత్త పట్టుదారం ఒక్కొక్క పాయా చేర్చాడు. చెమట పట్టుకు అంటకుండా చేతులకు పౌడరు రాసుకున్నాడు. మొదట కట్టినవి వంకరగా వచ్చాయి, విప్పాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ విప్పాడు. ఎన్ని చొక్కాలు వెనక్కి విసిరాడో ఆ కన్నే ఇప్పుడు అతని ముడులను వెనక్కి విసిరింది. చీర పూర్తయ్యేసరికి కుచ్చులన్నీ ఒకే ఎత్తున, వడ్లకంకుల్లా వరసగా వేలాడాయి. మునిలక్ష్మి వాటిని అరచేతి మీద వేసుకుని చూసి, నాకన్నా బాగా కట్టినావు అంది. అతనికి సంతోషమూ కలిగింది, ఎవరైనా విన్నారేమోనని వాకిలి వైపూ చూశాడు.

అలా పని దొరికింది. అతను వెతికిన పేరు మాత్రం దానికి లేదు.

చీరలు ఆమె తీసుకునేది, ఆమె ఇచ్చేది, మధ్యలో లోపలి గదిలో అతను కట్టేవాడు. తలుపు వేసి టీవీ పెట్టేవాడు. మగవాడు ఇంట్లో ఉండి చప్పుడు లేకపోతే ఏం చేస్తున్నాడని అనుమానం వస్తుంది, టీవీ మోగుతుంటే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ఎవరైనా తలుపు తట్టగానే చీర మీద దుప్పటి కప్పేసి, రిమోటు పట్టుకుని చాప మీద వాలేవాడు. ఆవలించేవాడు కూడా. మునిలక్ష్మి తలుపు తీసేసరికి కాలు మీద కాలు వేసుకుని పడుకుని ఉండేవాడు. వచ్చినవాళ్లు అతన్నీ ఆమె చేతినీ మార్చి మార్చి చూసి పోయేవాళ్లు. వాళ్లు పోయాక అతను లేచి, దుప్పటి తీసి, పడిపోయిన పూసలు ఏరుకునేవాడు.

కుచ్చుల పేరు సర్జాపుర అపార్టుమెంట్ల దాకా పోయింది. మునిలక్ష్మి చేతిలో లక్ష్మి ఉంది అన్నారు. ఆమె తల వంచుకుని వినేది, ఆమె సిగ్గరి అనుకునేవాళ్లు.

"నాకు బేజారయితాంది," అంది ఒకరోజు. "నువ్వు కట్టిందానికి నన్ను పొగుడుతాండారు, నన్ను చూసి నిన్ను తిట్తాండారు. చెప్పేస్తాం. దొంగతనమా చేస్తాండేది?"

అతను సూదిలో దారం ఎక్కిస్తూ, "తిట్టనీలే. సోమారి మొగోళ్లు ఊరినిండా ఉండారు, ఎవురూ నవ్వరు. చీర కొంగు ఒళ్లో పెట్టుకోని కూకుంటాడంటే మాత్రం మనం బజారుకు పోయేకి లేదు," అన్నాడు.

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అయితే పూల బండి దగ్గర అతని మీద మాట వచ్చినప్పుడల్లా పూలు కొనకుండానే ఇంటికి వచ్చేసేది.

భాగీరథమ్మ మనవరాలు వర్షిణికి పెళ్లి కుదిరాక అసలు చిక్కు వచ్చింది. ముహూర్తం చీరకు ఆ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. దాని కుచ్చులు ముత్తైదువ చేత్తోనే ముడి పడాలి. ఆమె తలస్నానం చేసి, పసుపు రాసుకుని కట్టాలి. ఒక్క కుచ్చు కట్టకుండా మిగిల్చి, దాన్ని పెళ్లికూతురి ఇంట్లో, పిల్లను పీట మీద కూర్చోబెట్టి, అందరి ముందర అదే ముత్తైదువ కట్టి ముగించాలి. కట్టిన చెయ్యి దీవించిన చెయ్యి అవుతుంది. భాగీరథమ్మ చీర తెచ్చి మునిలక్ష్మి ఒళ్లో పెట్టి, నీ చెయ్యి బాగా లేదని తెలుసు తల్లీ, నిదానంగా కట్టు, ఈ పిల్లకు నీ చేతి ముడే కావాలి అంది. పోతూ పోతూ చాప మీద ఉన్న మునీంద్రను చూసి ఆగింది.

"ఏమప్పా, ఈ పొద్దు టీవీలో ఏం చూపించినారు?"

"వార్తలత్తా."

"వార్తల్లో నీ పెండ్లాం చెయ్యి చూపించలేదా? వంకాయ మాదిరి ఉండాది."

మునీంద్ర లేచి కూర్చున్నాడు.

వద్దని చెప్పేసి చీర తిరిగి ఇద్దామని మునిలక్ష్మి అంది. ఏమని చెప్పి ఇస్తావని అతను అడిగాడు. చెయ్యి బాగా లేదంటే, మరి సర్జాపుర చీరలకు ఎవరు కడుతున్నారని అడుగుతారు. ఒక్క దారం లాగితే కొంగంతా విడిపోయేలా ఉంది వాళ్ల బతుకు. చివరికి ఆమె చీర ముందు కూర్చుని రెండు ముడులు వేయబోయింది. సూది పట్టలేకపోయింది. అతను తలస్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. ఆ చీరకు కుచ్చులు కట్టినన్నాళ్లూ టీవీ పెట్టలేదు. పెళ్లిపిల్ల చీర, దాని ముందు నాటకం ఆడడానికి మనసు ఒప్పలేదు. చేతికి పసుపు రాసుకోవాలా వద్దా అని ఒకసారి ఆలోచించి, రాసుకోలేదు. కట్టే ప్రతి ముడికీ, ఆ పిల్ల చల్లగా ఉండాలి అనుకున్నాడు. మగవాడు అనుకుంటే చెల్లుతుందో లేదో అతనికి తెలియదు. తెలియని పని దొంగచాటుగా చేస్తున్నానే అన్నది గుండెలో ముల్లులా ఉండిపోయింది. పద్ధతి ప్రకారం ఒక్క కుచ్చు మిగిల్చాడు.

ఆ ఒక్కటి మునిలక్ష్మి కడుతుంది, ఎంత నొప్పి అయినా ఒక్కటే కదా అని ఇద్దరూ అనుకున్నారు. ఆమె వేడినీళ్ల కాపడం పెట్టుకుంది, పాత గుడ్డ దారాలతో సాధన చేసింది. ఒకసారి వచ్చింది, రెండోసారి రాలేదు.

చివరి కుచ్చు కట్టే రోజు భాగీరథమ్మ ఇంటి హాలంతా ఆడవాళ్లు. వర్షిణి పీట మీద కూర్చుంది. మునీంద్ర చీర పళ్లెం మోసుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మగవాళ్లు మిద్దె మీద ఉన్నారు, అతను అక్కడికి పోవాలి. పోకుండా మునిలక్ష్మి చేతి వైపే చూస్తూ నిలబడ్డాడు.

భాగీరథమ్మ చీర విప్పి కొంగు చూసి ఊరుకోలేకపోయింది. అక్కడున్న ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చి చూపించింది. ఇట్లాంటి ముడి ఈ ఏరియాలోనే లేదు అంది. వర్షిణి కుచ్చులను చెంపకు ఆనించుకుంది. మునిలక్ష్మి పొగడ్త వింటూ పీట పక్కన కూర్చుని సూది తీసుకుంది.

దారం చుట్టింది. ముడి బిగించబోతే బొటనవేలు వంగలేదు. సూది జారి చాప మీద పడింది. తీసుకుంది. మళ్లీ పడింది. మూడోసారి పళ్లు బిగపట్టి లాగింది, కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఒక్కొక్కరే తల తిప్పి గుమ్మం వైపు చూశారు.

భాగీరథమ్మ లేచింది. ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నదంతా అక్కడే కడిగేసింది. ఈ చెయ్యితో ఇన్ని కుచ్చులు కట్టించినావే, నీది మనిషి పుట్టుకేనా అని అడిగింది. పెళ్లాం కష్టం తినే మొగోడు శుభకార్యం గడప తొక్కేకి లేదు, బయటికి పో అంది. ఇంకా చాలా అంది. అన్నీ అతనికి తెలిసిన మాటలే, రోజూ వీధిలో నడిచేవే. తల వంచుకుని పడ్డాడు. ఇది ఇలా అయిపోతే చాలు అని కూడా అనుకున్నాడు. తిట్టి పంపేస్తారు, చీర మిగులుతుంది, పెళ్లి జరిగిపోతుంది, తలుపు వేసుకుని మళ్లీ టీవీ పెట్టుకోవచ్చు.

మునిలక్ష్మి నాలుగోసారి సూది తీసుకుంది. అది చూడలేక అతను రెండు అడుగులు లోపలికి వచ్చి, సూది ఇవ్వమని చెయ్యి చాచాడు. అలవాటున చాచాడు, అంతే. చాచాక ఎక్కడున్నాడో గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయాడు.

భాగీరథమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె చూపు నుంచి ఏదీ తప్పించుకోదు. వెలుతురులోకి తిప్పి చూసింది. చూపుడువేలి మీద పట్టుదారం కోసిన గీతలు, పాతవాటి మీద కొత్తవి. గోళ్ల సందుల్లో ఆ చీర కుంకుమ రంగే. మునిలక్ష్మి చెయ్యి కూడా తీసుకుని పక్కన పెట్టి చూసింది. వాపు తప్ప ఆమె వేళ్ల మీద ఒక్క గీత లేదు.

"నేనే కట్టినానత్తా," అంది మునిలక్ష్మి గబగబా. "అన్నీ నేనే. ఈ పొద్దే నొప్పి ఎక్కువాయ, అంతే."

ఆ అబద్ధాన్ని పట్టుకుంటే అతను బయటపడవచ్చు. అక్కడున్నవాళ్లంతా నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు. ఇంకో నాలుగు తిట్లు పడితే సరిపోతుంది. వర్షిణి మాత్రం కుచ్చులను చెంప దగ్గర్నుంచి దించి ఒళ్లో పెట్టుకుంది. ఇది ఎవరి చెయ్యి అన్నది ఆ పిల్లకు కావాలి, రేపు కట్టుకుని పీటల మీద కూర్చునేది ఆ పిల్లే.

భాగీరథమ్మ అతని చెయ్యి వదల్లేదు. గొంతు తగ్గించింది.

"ఆయమ్మను అడగలేదు నేను. నిన్ను అడుగుతాండాను. నా మొగం చూసి చెప్పు మునీంద్రా, ఈ చీర కుచ్చులు కట్టింది ఎవురు?"

మునీంద్ర ఆమె మొహం చూడలేకపోయాడు. పిల్ల ఒళ్లో ఉన్న కొంగును చూశాడు.

"నేనత్తా," అన్నాడు. "అదొక్కటే కాదు, ఈ మధ్య కట్టినవన్నీ నేనే. మొగోడు కట్టింది పనికిరాదంటే ఈడనే కూకోని విప్పేస్తాను, దారం చెడిపోకుండా విప్పేకి వచ్చు నాకు. మునిలక్ష్మిని ఏమీ అనొద్దు. చెప్పేస్తామని ఆమె ఎప్పుడో అన్నింది. నాకే మొగం చెల్లలేదు."